పెద్దల్ని చూస్తే వంగే బండి

ఆ ఉదయం గిరిధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మను బండిలో ఎక్కించుకోవాలి. ఆదోని మార్కెట్ యార్డు ముందు కాస్త నెమ్మదిగా పోనివ్వాలి. తోటి పత్తి వ్యాపారులందరూ కళ్ళారా చూశాక, మేనత్త మనవడి నామకరణానికి పోయి, కడుపునిండా తిని రావాలి. నామకరణం జరిగే కల్యాణ మండపం ఊరికి ఒక కొసన ఉంటే, యార్డు రెండో కొసన ఉంది. ఆ సంగతి తల్లి వెంకటలక్ష్మికీ తెలుసు, భార్య గాయత్రికీ తెలుసు. ఇద్దరూ ఏమీ అనలేదు. ఆ బండి కొన్నప్పటి నుంచి ఇంట్లో అనవలసినవన్నీ అనడం అయిపోయింది.

బండి అల్లాటప్పా బండి కాదు. పరాయి దేశపు దొరలు ఎడారుల్లో తిరగడానికి చేసుకున్నది. బెంగళూరులో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర కొన్నేళ్ళు ఉండి, ఆయన ఎందుకు అంత నవ్వుతూ అమ్ముతున్నాడో గిరిధర్ ఆలోచించకముందే ఆదోనికి వచ్చేసింది. నిట్టనిలువు గుట్టలెక్కుతుందట. నడుము లోతు నీళ్ళలోంచి పోతుందట. ఆదోనిలో అన్ని నీళ్ళుంటే జనం బిందెలు తెచ్చి ముంచుకుంటారు గాని బండ్లు తోలరు.

వచ్చిన వారంలోనే అది తనకు తానే తాళం వేసుకుని గిరిధర్‌ను లోపల పెట్టుకుంది. ఆ తర్వాత చుక్క వాన లేని ఆస్పరి దారిలో, అద్దం తుడిచే వైపర్లు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆడాయి. స్టీరింగు ముందర ఎప్పుడూ ఏదో ఒక దీపం వెలుగుతూనే ఉంటుంది. పసుపు దీపమైతే గిరిధర్ దండం పెట్టుకుంటాడు, ఎర్రదైతే దిగిపోతాడు. "నేను బండి కొనలేదు, దాని ఇంటికి ఇల్లరికం పోయినాను" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. ఎవరైనా నవ్వితే మాత్రం ఉడుక్కునేవాడు.

అసలు పాపం వేరే ఉంది. బండి వెడల్పుకు ఇంటి వాకిలి చాలక, వీధి వైపు గదిని పడగొట్టించాడు. ఆ గది గాయత్రిది. ఎమ్మిగనూరు మగ్గాల చీరలు తెప్పించి, అద్దాల బీరువాలు పెట్టి, ఆ గదిలో ఆమె ఏళ్ళ తరబడి సొంతంగా వ్యాపారం చేసుకుంది. ఇప్పుడా చీరలు పడకగదిలో మంచం మీదికి చేరాయి. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు గిరిధర్ ఎప్పుడు నిద్ర లేస్తాడా అని వసారాలో కూర్చుని ఎదురు చూస్తున్నారు. గోడ కూలుతున్నప్పుడు గాయత్రి చీరల మీద దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పుతూ నిలబడింది. అది తలుచుకున్నప్పుడల్లా గిరిధర్‌కు సిగ్గేస్తుంది.

"దసరా లోపల నా రూము నాకు కావాల. బండి అమ్ముకుంటారో, దాన్నే పగలగొట్టుకుంటారో నాకి తెల్దు" అని ఆమె ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పకపోవడమే అతనికి భయంగా ఉంది.

యార్డు గేటు ముందు పత్తి శాంపిలు తీసుకోవాలన్న వంకతో గిరిధర్ బండి ఆపాడు. చల్లగాలి వచ్చే యంత్రం ఆ రోజు సెలవు పెట్టింది. ఉక్క భరించలేక వెంకటలక్ష్మి దిగి నిలబడింది. మళ్ళీ ఎక్కబోతే కాలు అందలేదు. గిరిధర్ ఒక చేయి, గాయత్రి ఒక చేయి పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు బండి కింద 'ఉస్సు'మని చప్పుడైంది. అంత బండీ మెల్లగా, మర్యాదగా కిందికి కుంగింది.

ఎదురుగా పాండురంగయ్య నిలబడి ఉన్నాడు. పత్తి కమిషన్ వ్యాపారి, గిరిధర్ తండ్రికి స్నేహితుడు. ఎవరింట ఏ వస్తువు కొన్నా దానికో వంక పెడితే తప్ప ఆయనకు తిన్నది అరగదు.

"ఏమప్పా గిరీ, గాలి పోయినట్లుండాదే?" అన్నాడు సంబరంగా.

గిరిధర్ నోరు అతని బుద్ధి కంటే ముందు పరుగెత్తింది. "గాలి పోయేదేంది మామా! పెద్దోళ్ళు దగ్గరికొస్తే అదే వంగుతాది. ఎక్కేదానికి సులువుగా ఉండాలని."

"మనిషి పెద్దోడో సిన్నోడో దానికెట్ల తెలుస్తాది?"

"కెమెరాలుండాయి మామా."

పాండురంగయ్య వెంకటలక్ష్మి వైపు చూశాడు. కొడుకు అబద్ధమాడుతున్నాడని ఆమెకు తెలుసు. కాని నలుగురిలో కొడుకు పరువు కాపాడక తల్లి ఏం చేస్తుంది? "అవునన్నా. నాకి దినామూ వంగుతాది" అని దర్జాగా ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత కాసేపటికి బండి లేవడం కూడా తనంతట తానే లేచింది.

వాళ్ళు మండపం చేరేలోపల, యార్డులో ఎవరో తీసిన వీడియో వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో తిరిగేసింది. నామకరణంలో బిడ్డ పేరేమిటని అడిగినవాళ్ళ కంటే బండి సంగతి అడిగినవాళ్ళే ఎక్కువ. ఒకాయన బండి గొప్ప సంస్కారం గలదన్నాడు. ఇంకొకాయన తన కోడల్ని కూడా ఆ కంపెనీకి పంపితే బాగుండునన్నాడు. గిరిధర్ పాయసం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

చిక్కు మరునాడు మొదలైంది. పాండురంగయ్య తెల్ల పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, నలుగురు సాక్షులతో యార్డులో బండి ముందుకు వచ్చి నిలబడ్డాడు. బండి కదల్లేదు. ఆయన దగ్గాడు. కండువా సర్దుకున్నాడు. ఊహూఁ. విసుగొచ్చి పక్కకు తప్పుకున్నాడో లేదో, యార్డు ఊడ్చే హుసేనమ్మ చీపురు పట్టుకుని అటుగా వచ్చింది. బండి 'ఉస్సు'మని నేలకు వంగింది.

"అల్లా!" అని హుసేనమ్మ చీపురు వదిలేసింది.

పాండురంగయ్య ముఖం ఎర్రబడింది. "నాకు వంగనిది హుసేనమ్మకు వంగుతాదా? ఏం మర్యాదప్పా ఇది?"

"కోపం ఎందుకు మామా?" అన్నాడు గిరిధర్, చెమట తుడుచుకుంటూ. "మిమ్మల్ని చూసి కుర్రోడనుకున్నాది."

పాండురంగయ్య ఒక క్షణం ఆలోచించాడు. మీసం మీద చేయి పోనిచ్చాడు. "పరదేశపు మిషను, ఊరికే అనుకోదు" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి తన వయసు గురించి బండి ఇచ్చిన తీర్పు ఊరంతా చెప్పుకొచ్చాడు.

దాంతో కథ తిరగబడింది. నిన్నటిదాకా బండి తమకు వంగాలని కోరుకున్న పెద్దలు, ఇప్పుడు ఎక్కడ వంగుతుందోనని హడలిపోసాగారు. జుట్టుకు రంగు వేసుకునే ఇద్దరు వ్యాపారులు యార్డుకు వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టారు. గాయత్రి దగ్గర చీరలు కొనే ఆడవాళ్ళలో కాస్త వయసు మళ్ళినవాళ్ళు, వాకిట్లో బండి ఉందని లోపలికి రావడమే మానేశారు. "బయటికి పంపినాక ఫోన్ చెయ్యి గాయత్రీ" అని వీధి చివర నుంచే కబురు పెట్టేవారు. గది పోయింది, ఇప్పుడు బేరాలూ పోయాయి. గిరిధర్‌కు అన్నం సయించడం మానేసింది.

అలాంటి సమయంలో ఎమ్మిగనూరు నుంచి బసవన్న ఫోన్ చేశాడు. మగ్గాలున్నవాడు. గాయత్రికి చీరలు పంపేది ఆయనే.

"సావుకారీ, మీ బండి సంగతి అంతా విన్నామప్పా. అమ్ముతానంటే నేను తీసుకుంటా. మా యమ్మ కోసరం. మోకాళ్ళ నొప్పులు, యాడికీ పోలేకుండా ఉండాది."

గిరిధర్ ఫోన్ చెవిన పెట్టుకునే లేచి నిలబడ్డాడు. దాని రోగాలన్నీ విని కూడా కొంటానంటున్నాడంటే ఎంత పెద్ద మనసు! ఆదివారం బండి తెస్తానని మాటిచ్చాడు. గాయత్రి ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది. మేస్త్రీని పిలిచి గది కొలతలు కూడా చెప్పింది.

ఇక్కడ గిరిధర్‌కు ఒక జబ్బు వచ్చింది. దాని పేరు నిజాయితీ. అలవాటు లేని వాడికి వస్తే ముదురుతుంది. పాపం ముసలామె, మోకాళ్ళు పోయిన మనిషి, దారి మధ్యలో బండి కుంగిపోతే ఎవరు లేవదీస్తారు? ఎవరికీ చెప్పకుండా బండిని మెకానిక్ జయరాం షెడ్డుకు తోలుకుపోయాడు. ఆ బండికి స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయనీ, అవి చిరిగి గాలి కారినప్పుడు బండి కుంగి, లోపలి యంత్రం మళ్ళీ గాలి కొట్టినప్పుడు లేస్తోందనీ జయరాం చెప్పాడు. తిత్తులు పీకేసి, లారీలకు వేసేలాంటి ఇనుప స్ప్రింగులు బిగించాడు.

"ఇంగ ఏనుగెక్కినా వంగదన్నా" అన్నాడు.

ఆ మాట వింటుంటే గిరిధర్‌కు పుణ్యం చేసినట్లనిపించింది.

ఆదివారం గాయత్రి కూడా బయలుదేరింది. బండి అక్కడ వదిలేసి, చీరల మూటతో బస్సులో తిరిగి రావాలని అనుకున్నారు. ఎమ్మిగనూరు దాకా బండి ఒక్క దీపం వెలిగించలేదు. వైపర్లు నోరు మూసుకుని పడుకున్నాయి. చల్లగాలి కూడా వచ్చింది. ఇంత బాగా పోయే బండిని అమ్ముతున్నానే అని గిరిధర్‌కు చివుక్కుమంది.

బసవన్న వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. జనమంతా అరుగుల మీద ఉన్నారు. మధ్యలో కొత్త చీర కట్టుకుని, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, బసవన్న తల్లి పుల్లమ్మ చేతికర్రతో నిలబడి ఉంది. బండికి టెంకాయ కొట్టారు. పుల్లమ్మ బండి ముందుకు వచ్చి ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

బండి వంగలేదు.

"కొంచెం దగ్గరికి పోమ్మా" అన్నాడు బసవన్న. ఆమె ఇంకో అడుగు వేసింది. "ఎండకు కండ్లు కనపడలేదేమో, నీడకు పెట్టండప్పా" అన్నారెవరో. నీడకు పెట్టారు. ఎవరో అద్దం తుడిచారు. పుల్లమ్మ తన కళ్ళజోడు తీసి, ముఖం బాగా కనపడేట్టు బండికి చూపించింది.

అప్పటికి గిరిధర్‌కు విషయం బోధపడింది. బసవన్న కొంటున్నది బండిని కాదు, వంగడాన్ని. కాళ్ళ కింద నేల కదిలింది గాని బండి మాత్రం కదల్లేదు.

"అది... అవ్వను చూసి సిన్న వయసనుకున్నాది అన్నా" అన్నాడు. ఆదోనిలో పారిన మంత్రం.

పుల్లమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "సిన్న వయసా? మునిమనవని పెండ్లి చూసినా నేను! ఎగతాళి చేస్తాండావా?"

బసవన్న గొంతు మారింది. "అర్థమైందప్పా. ఆదోనిలో సావుకారమ్మకు వంగుతాది, యార్డు ఊడ్చేయమ్మకూ వంగుతాది. మగ్గం నేసేటోళ్ళ అమ్మకు వంగదు. అంతే గదా?" గాయత్రి వైపు తిరిగాడు. "గాయత్రమ్మా, మీరు మంచోళ్ళే. కాని ఇంగ మా సీరలు మీకు రావు."

గాయత్రి ముఖం పాలిపోయింది. గది కూలిన రోజు కూడా ఆమె కళ్ళలో నీళ్ళు రాలేదు. ఇప్పుడు వచ్చాయి. అది చూశాక గిరిధర్‌కు పరువు గుర్తు రాలేదు. గబగబా పోయి పుల్లమ్మ కాళ్ళ ముందు వంగాడు.

"అవ్వా, అది ఎవరికీ వంగలేదవ్వా. గాలి పోయి కుంగినాది. పది మందిలో నామోషీ అయితాదని నేను అబద్ధం సెప్పినా. నువ్వు ఎక్కితే దారిలో ఆగిపోతాదేమోనని మొన్ననే రిపేరు చేయించినా. తప్పంతా నాది. గాయత్రికి సీరలు ఆపొద్దని సెప్పవ్వా."

పుల్లమ్మ అతని నడినెత్తి వైపు చూసింది.

"అంటే సావుకారమ్మకూ వంగలేదా?"

"లేదవ్వా."

"ఆ ఊడ్చేయమ్మకు?"

"ఆయమ్మకూ లేదు."

పుల్లమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కర్ర పట్టుకుని నవ్వింది, కర్ర వదిలేసి నవ్వింది, చివరికి కోడళ్ళు పట్టుకోవలసి వచ్చింది. "లెయ్యప్పా, లెయ్. బండి వంగకపోతే మానె, నువ్వన్నా వంగినావు. ఒరే బసవా, ఆ పాపకు సీరలు ఎప్పట్లాగే ఇయ్యిరా."

బసవన్న కూడా మెత్తబడ్డాడు. కాని బండి మాత్రం వద్దన్నాడు. "రిపేరు ఏంటికి చేయిస్తివప్పా? సెడిపోయిన బండే మాకు బాగుండ్యా. ఎప్పుడో ఒగప్పుడు వంగుతాది గదా, మా యమ్మ అందాక పక్కన కూసోని ఉంటాది."

గిరిధర్ ఆశ చావక జయరాంకు ఫోన్ చేసి, పాత తిత్తులు మళ్ళీ బిగించమని బతిమాలాడు. "వాటిని అప్పుడే పారేస్తి గదన్నా" అన్నాడు జయరాం. "ఐనా బాగున్న బండిని సెడగొట్టమంటావేంది? ఆ పాపం నాతో కాదు."

అమ్మిన బండి అమ్మకుండానే మిగిలింది. ఇక గది రాదు. గాయత్రి ముఖం చూడలేక గిరిధర్ అరుగు మీద కూలబడ్డాడు. గాయత్రి మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక తలుపు ఎత్తింది. సీట్లు మడిచి, లోపల ఎంత చోటుందో జానలతో కొలిచింది.

"బసవన్నా," అంది, "ఈ తూరి ఒక మూట కాదు. సామానంతా దీంట్లోకే ఎత్తించండి."

ఈ బండికి ముందు ఇంట్లో ఉన్న చిన్న కారును ఎక్కువగా నడిపింది ఆమే. ఇప్పుడు తాళం చెవి తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీటు నిండా కూడా చీరలే. గిరిధర్ ఆదోనికి బస్సులో వచ్చాడు.

ఇనుప స్ప్రింగులు పడిన వేళావిశేషమో, తోలే చేతి మహిమో, ఆ బండి ఆ తర్వాత ఒక్క రోజు కూడా మొరాయించలేదు. సోమవారం ఆస్పరి, బుధవారం చిప్పగిరి, మిగతా రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళు. వెనక తలుపు ఎత్తితే చాలు, ఆడవాళ్ళు మూగుతారు. దసరాకు ముందు గిరిధర్, గాయత్రి పెట్టిన గడువు దాటకూడదని అప్పు చేసైనా గది కట్టిద్దామని మేస్త్రీని పిలిపించాడు. గాయత్రి మేస్త్రీకి కాఫీ ఇచ్చి పంపేసింది.

"రూమేంటికండీ ఇప్పుడు?" అంది. "రూము ఆస్పరికి పోతాదా?"

గిరిధర్ ఈ మధ్య మార్కెట్ యార్డుకు నడిచి పోతున్నాడు. ఇంతవరకు దారిలో ఎక్కడా ఆగిపోలేదు.