దండ పడ్డ శోభనాద్రి

"తోమాసు నాకు చేసిన పని పగవాడు కూడా చెయ్యడు," అని శోభనాద్రి ఇప్పటికీ టీ కొట్టు దగ్గర చెబుతూనే ఉంటాడు. తోమాసు అంటే కోడూరు నుంచి గుడివాడ దాకా సిమెంటు విగ్రహాలు పోసే మనిషి.

శోభనాద్రి తండ్రి కోదండరామయ్య ఒక్క ఫొటో కూడా దిగకుండా పోయాడు. అప్పటికి శోభనాద్రికి పదకొండేళ్లు. బడి మానేసి చేలో దిగింది ఆ ఏడే. అందుకే ముదినేపల్లి రోడ్డులో ఆసుపత్రి కడుతున్న డాక్టర్ సునీత స్థలం చాలలేదన్నప్పుడు, పక్కనున్న తన స్థలంలో కొంత ఊరికే రాసిచ్చాడు. షరతు ఒక్కటే. గేటు పక్కన నాన్న విగ్రహం పెట్టాలి. మరిచిపోతున్న ఆ ముఖాన్ని మళ్లీ ఒక్కసారి చూసుకోవాలని అతని ఆశ.

"ఫొటో లేకపోతే మీరు లేరాండీ? అంతా ఆయన పోలికే అంటన్నారు," అని తోమాసు అతన్నే మూడు రోజులు స్టూలు మీద కూర్చోబెట్టాడు. "కాస్త తేడా పెడదాంలెండి," అని కూడా అన్నాడు. పెట్టలేదు.

ఆవిష్కరణ రోజున శోభనాద్రి పెట్టుకున్నది చిన్న పని. తలంటి పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదింటికి వెళ్లి ముసుగు లాగడం. కానీ తెల్లవారుజామున వీచిన గాలికి ఆ ముసుగు ముందే ఊడిపోయింది. పేరు పలక ఉయ్యూరు నుంచి ఇంకా రాలేదు. పూలకొట్టువాడు మాత్రం గులాబీ దండ ముందురోజే బొమ్మ మెడలో వేసి వెళ్లాడు.

ఓపీ చీటీ కోసం పెందలాడే వచ్చినవాళ్లకు దండతో శోభనాద్రి కనిపించాడు. మన వైపు దండ వేసిన బొమ్మకు అర్థం ఒక్కటే. ఆ ఫొటో వాట్సాప్‌లో బందరు దాకా వెళ్లింది.

ఏడింటికి అతని భార్య సరళకు చెల్లెలు వరసామె ఫోను. "ఏంటక్కా, బావగారి సంగతి మాకు ఒక్క మాట చెప్పలేదు?"

"సంగతేముందే? నీళ్లు పోసుకుంటున్నారు."

"అయ్యో, అప్పుడే స్నానం దాకా వచ్చిందా! తీసెయ్యొద్దక్కా, వచ్చేస్తున్నాం!"

ఎనిమిదింటికల్లా వాకిట్లో షామియానా లేచింది. వెనకే ఆటో ట్రాలీలో ఫ్రీజర్ బాక్సు. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన శోభనాద్రి, "ఎవరికిరా ఇది?" అని అరిచాడు.

"శోభనాద్రి గారికంట," అన్నాడు డ్రైవరు బాబీ. "మనిషి ఏపాటి పొడుగుంటాడు బాబాయ్?"

"నా అంతే ఉంటాడు," అన్నాడు శోభనాద్రి పళ్లు నూరుతూ.

ఇంతలో మేనత్త మహాలక్ష్మమ్మ గుండెలు బాదుకుంటూ దిగింది. "నాకంటే ముందెళ్లావేంరా నాయనా!" అని రాగం అందుకుని తలెత్తేసరికి ఎదురుగా తువ్వాలుతో మేనల్లుడు. ఉన్నచోటే స్పృహ తప్పి పడిపోయింది. ఇంకో బండి దొరక్క, ఆమెను ఆ ట్రాలీలోనే ఫ్రీజర్ బాక్సు పక్కన పడుకోబెట్టి, శోభనాద్రి తనూ ఎక్కి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గేటు దగ్గర ముసలావిడ కళ్లు తెరిచింది. ఎడంపక్క దండతో శోభనాద్రి, కుడిపక్క దండ లేకుండా శోభనాద్రి. మళ్లీ కళ్లు మూసేసుకుంది.

జనం చూసింది వేరు. "పొద్దున దండ పడ్డ మనిషేగా! బాక్సు బండిలో తెచ్చారు, నడిచి దిగాడు!"

"ఏం డాక్టరమ్మండీ బాబూ! ఇంకా చెయ్యన్నా పడలేదు, గేటు దాటితేనే లేచాడు!"

గంటలో ఓపీ వరస రోడ్డెక్కింది.

"ముందు ఆ బొమ్మ తీయించండమ్మా," అన్నాడు శోభనాద్రి డాక్టరు గదిలో.

"ఇప్పుడు తీస్తే లేచినాయన మళ్లీ పోయాడనుకుంటారండీ. దండ తీయిస్తాను, పలక మీద దాతగా మీ పేరే వేయిద్దాం."

"మరి మా నాన్న?"

డాక్టరు కిటికీలోంచి వరస చూసింది. "ఇంకోటి పోయిద్దామండీ. కాకపోతే ఈ జనానికి అంబులెన్సు తిరిగే చోటే లేదు. గోడవతల మీది ఇంకాస్త ఉన్నట్టుంది..."

శోభనాద్రి సంతకం పెట్టాడు.

తోమాసు టేపు పట్టుకుని రానే వచ్చాడు. "ఈసారి ఎవర్ని కూర్చోబెడదామండీ? మీ మేనత్త గారిదీ ఆయన ముక్కేనంటగా. ఆవిడకి మీసం పెట్టి చూద్దామా?"

"పెట్టరా అబ్బాయ్," అంది మహాలక్ష్మమ్మ మంచం మీంచే. "మా అన్నయ్య మీసం మాత్రం పైకి తిరిగుండాల."

నెల తర్వాత ముసుగు తీశారు. శోభనాద్రి దగ్గరికెళ్లి పైకి తిరిగిన ఆ మీసాన్ని వేలితో తడిమాడు. అచ్చం నాన్నే. ఆ మాట తోమాసుతో మాత్రం అనలేదు.

రెండు విడతలూ కలిపి అతనికి పోయింది రోడ్డు వార ఏడున్నర సెంట్లు.