నాలుగడుగుల ఎత్తుకి ఒక పంపు

ఈ దేశంలో సుఖంగా బతకాలంటే చేపగా పుట్టాలి. మామూలు చేపగా కాదు, సముద్రపు చేపగా. అదీ సముద్రంలో కాదు, అరకు కొండల మీద, నాబోటి రిటైర్డ్ హెడ్మాస్టరు ఇంట్లో, గాజు తొట్టెలో.

నవ్వుతున్నారా? నవ్వండి. నేను మాత్రం సీరియస్‌గానే చెబుతున్నాను. ఈమధ్య కొన్ని వారాలపాటు నా చేపల కోసం ఒక పంపు ఎంపిక చేసే పనిలో మునిగి ఉన్నాను. జనం ఈ పనిని విసుగంటారు. నేను వరమంటాను. ఎందుకో వినండి.

ముందు ఈ సముద్రం మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఇక్కడ ఒక రిసార్టు మూసేస్తూ సామాన్లు అమ్ముతుంటే పడక కుర్చీ కోసం వెళ్ళాను. కుర్చీని అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. మిగిలింది రీఫ్ అక్వేరియం, అంటే పగడాలు, ఉప్పునీటి చేపలు ఉండే తొట్టె. విశాఖలో సముద్రం చూసి చూసి విసుగెత్తి కొండెక్కిన టూరిస్టులకి కొండ మీద సముద్రం చూపించాలని ఆ రిసార్టు వాళ్ళ ఐడియా. అందుకే మూతపడిందని గిట్టనివాళ్ళు అంటారు.

నేను కుర్చీ కోసం వెళ్ళి సముద్రంతో తిరిగొచ్చాను. మా ఆవిడ మగ్దలేనమ్మ గుమ్మంలో నిలబడి తొట్టెని పైనుంచి కిందికి చూసింది. తర్వాత "మరి కూర్చునేదెక్కడ?" అని మాత్రం అడిగింది.

ఈ తొట్టె సంసారం మీకు తెలియకపోవచ్చు. పైన గాజు తొట్టె ఉంటుంది. దాని కింద చెక్క అరలో ఇంకో చిన్న తొట్టె. దాన్ని సంపు అంటారు. పైన పొర్లిన నీళ్ళు కిందికి దిగి అక్కడ శుభ్రపడతాయి. వాటిని మళ్ళీ పైకి పంపించేదే రిటర్న్ పంపు. అది ఆగిపోతే పగడాలు వాడిపోతాయి, చేపలకి ఊపిరాడదు. కింది నీళ్ళు పైకి ఎక్కకపోతే పైన ఉన్నవాళ్ళు బతకరు. చిన్న క్లాసు పిల్లలకైనా అర్థమయ్యే సైన్సు ఇది.

మా పాత పంపు గురక పెట్టడం మొదలుపెట్టింది. విశాఖలో చేపల తొట్టెల షాపు నడిపే లక్ష్మీప్రసాద్‌కి ఫోన్ చేశాను. "బాబూ, ఒక పంపు పంపించు" అన్నాను. అంత తెలివితక్కువ మాట ఒక హెడ్మాస్టరు నోట రాకూడదని ఆ తర్వాత తెలిసింది.

"పంపు అలా ఇవ్వం సార్. ముందు మీ లైవ్‌స్టాక్ ఏమిటో చెప్పండి" అన్నాడు. లోపల ప్రాణంతో ఏమేమి ఉన్నాయని దాని అర్థం. నారింజ రంగు చేపలు రెండు, నీలం చేప ఒకటి, ఒక రొయ్య, పేరు తెలియని పగడాలు కొన్ని అని చెప్పాను. పేరు తెలియకపోతే ఫోటో పంపమన్నాడు. పంపాను. అందులో ఒక పగడం దిగులుగా ఉందన్నాడు.

తర్వాత ప్రశ్నలు వరస కట్టాయి. తొట్టెలో ఎన్ని లీటర్లు పడతాయి? గంటకి నీళ్ళు ఎన్నిసార్లు తిరగాలి? గొట్టం ఎంత లావు? ఎన్ని చోట్ల వంపు తిరిగింది? కరెంటు పోతే ఏం చేస్తారు? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చివర్లో అడిగాడు.

"ఎత్తెంత సార్? సంపులో నీటి మట్టం దగ్గర్నుంచి పై తొట్టె అంచు దాకా టేపు పెట్టి కొలవండి. చూపులతో అంచనా వేసి చెప్పకండి."

కొలిచాను. నాలుగడుగులు. మళ్ళీ కొలవమన్నాడు. మళ్ళీ నాలుగడుగులే వచ్చింది. మగ్దలేనమ్మ చేత కూడా కొలిపించమన్నాడు. ఆవిడ ఆ పూట టేపు ముట్టుకోనని చెప్పింది.

"ఎత్తు పెరిగేకొద్దీ పంపు తోసే నీళ్ళు తగ్గిపోతాయి సార్. ఒక ఎత్తు దాటాక మోటారు తిరుగుతూనే ఉంటుంది, సౌండు వస్తూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. ఎత్తు అడక్కుండా పంపు అమ్మేవాడు ఆ చేపల్ని చేతులారా చంపినట్టే" అన్నాడు లక్ష్మీప్రసాద్.

ఇప్పుడు చెప్పండి, ఇది విసుగా, వరమా? ఈ వయసులో నన్నెవరైనా ఇంత శ్రద్ధగా ప్రశ్నలడిగారా? పింఛను ఆఫీసు వాళ్ళు ఏడాదికోసారి బతికే ఉన్నావా అని అడుగుతారు. ఉన్నానంటే నిరూపించుకోమంటారు. డాక్టరుగారైతే నేను నోరు తెరిచేలోగా మందు రాసేస్తారు. నా ఇంటి పగడం దిగులుగా ఉందో లేదో విశాఖలో ఒకాయన ఫోటో చూసి కనిపెడుతున్నాడు!

అంతటితో ఆగలేదు. అతను నన్ను రీఫ్ ప్రియుల వాట్సాప్ గ్రూపులో చేర్పించాడు. అందులో పళ్ళ డాక్టర్లు, ప్లీడర్లు, ఒక రిటైర్డ్ జడ్జిగారు కూడా ఉన్నారు. ఏసీ కరెంటు పంపా, డీసీ పంపా అని నేనొక మాట అడిగినందుకు గ్రూపు రెండుగా చీలిపోయింది. ఒక ప్లీడరు గారు ఒక పళ్ళ డాక్టరుకి నోటీసు ఇస్తానన్నారు. జడ్జిగారు తీర్పు రిజర్వు చేసి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పంపు చప్పుడుకి చేపలు రాత్రిళ్ళు సరిగా నిద్రపోవని ఒకావిడ ఏకంగా వ్యాసం పెట్టారు. నాలుగడుగుల ఎత్తు కోసం ఇంతమంది చదువుకున్నవాళ్ళు అన్నం మానేసి ఆలోచించారంటే ఈ దేశంలో మేధస్సుకి లోటుందని ఎవరనగలరు?

కరెంటు సంగతి కూడా వాళ్ళే తేల్చారు. మా ఏజెన్సీలో గాలి వీస్తే కరెంటు పోతుంది. గాలి వీస్తుందని ఎవరైనా చెప్పినా పోతుంది. అందుకని చేపలకి ప్రత్యేకంగా ఇన్వర్టరు పెట్టించాను. వంటింటి లైటు దానికి కలపలేదు, చేపలకి తగ్గిపోతుందని. మగ్దలేనమ్మ కొవ్వొత్తి వెలుగులో వండుతోంది. క్రిస్మస్ వాతావరణం ఏడాది పొడుగునా ఉంటుందని నచ్చజెప్పాను.

సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే, సంతనాడు, ఈశ్వరమ్మ వచ్చింది. మా ఇంటి వెనక కొండ మీద ఉన్న ఊరిని మేం పైవూరు అంటాం. ఈశ్వరమ్మది ఆ ఊరే. పిప్పళ్ళో అల్లమో సంతకి దించేటప్పుడు మా అరుగు మీద కాసేపు ఆగుతుంది. నేను టేపు పట్టుకుని తొట్టె ముందు వంగి ఉండడం చూసింది.

"ఏటి మేస్టారూ, సేపలకి చొక్కాలు కుట్టిత్తారేటి?" అంది.

కాదు, పంపు కోసం ఎత్తు కొలుస్తున్నానని చెప్పాను. ఎత్తు తెలియకపోతే మోటారు తిరిగినా నీళ్ళు రావని లక్ష్మీప్రసాద్ చెప్పిన పాఠం అప్పజెప్పాను. ఆమె తట్ట దించి తొట్టె వైపు చూస్తూ ఉండిపోయింది.

"అయితే ఎత్తు అడగాలన్నమాట" అంది.

ఇక్కడ పైవూరివాళ్ళ అదృష్టం గురించి చెప్పకపోతే అన్యాయం. వాళ్ళకీ సర్కారు పథకంలో ఒక పంపు వచ్చింది. నన్ను వేధించినట్టు వాళ్ళనెవరూ ప్రశ్నలతో వేధించలేదు. మైదానం ఊళ్ళకి మోటార్లు తెచ్చిన లారీలోనే వాళ్ళదీ వచ్చింది. కింద పారే గెడ్డ పక్కన మోటారు, కొండ మీద ట్యాంకు, ఇంటింటికీ కుళాయి. ఎత్తెంతని ఎవరూ అడగలేదు, ఎవరూ టేపు తేలేదు. అంతా పెళ్ళిభోజనంలా జరిగిపోయింది.

మోటారు వేస్తే నీళ్ళు కొండెక్కడం మొదలుపెడతాయి. సగం దారిలో సోంబరు అనే రైతు అల్లం తోట దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడ గొట్టం అతుకులోంచి కారతాయి. ఆ ఏడు సోంబరు అల్లం దివ్యంగా పండింది. పథకం విఫలమైందని ఎవరంటారు? చూడ్డానికొచ్చిన ఇంజనీరు గారు కూడా మోటారులో లోపమేమీ లేదని తేల్చారు. కొండే కాస్త ఎత్తుగా ఉందన్నారు. కొండని తగ్గించే ప్రతిపాదన మాత్రం ఇంకా రాలేదు.

"మరి ప్రారంభోత్సవం నాడు కుళాయిలో నీళ్ళు వచ్చాయి కదా? నేను ఫోటో చూశాను" అన్నాను ఈశ్వరమ్మతో.

"ముందునాడు కబురెట్టినారు బాబూ, పెద్దోలొత్తన్నారు, ట్యాంకీ నింపీయండని. ఊటకాడ నుంచి ఆడోలమందరం బిందెల్తో మోసి నింపినాం. ఆలొచ్చి కులాయి తిప్పినారు. నీల్లొచ్చినాయి. సప్పట్లు కొట్టినారు. మేమూ కొట్టినాం."

"మీరెందుకు కొట్టారు?"

"మేం మోసిన నీల్లే గదా" అంది.

ఆ తర్వాత పైవూరివాళ్ళు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా జవాబుగా ఆ ఫోటోయే వస్తోంది. అందులో కుళాయి ధారగా కారుతోంది. పక్కనే నిలబడి నవ్వుతున్న అమ్మాయి ఈశ్వరమ్మ కోడలు గాయత్రి. ఇప్పుడామెకి తొమ్మిదో నెల. ఇప్పటికీ అత్తతో పాటు ఊటకి దిగి బిందెతో ఎక్కుతోంది. ఒక మనిషి మోసే నీళ్ళు ఆ ఇంటికి చాలవు. వానలకి దారంతా బురద.

"మొన్న జారి కూలబడిపోయింది. కాపీ మొక్క పట్టుకున్నాది గనక ఆగింది. బిందె లోయలోకెల్పోయింది. కోడలు గుంటకేటీ కాలేదు. మల్లీ ఏటవుద్దో" అంది ఈశ్వరమ్మ. ఆమె భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

మా బోరు నీళ్ళు పట్టుకెళ్ళమన్నాను. ఊట కంటే మా ఇల్లు ఇంకా కిందుంది, ఎక్కాల్సింది ఇంకా ఎక్కువ. నా ఉదారత్వం కూడా సోంబరు తోట దాకానే వెళ్ళగలదని అర్థమైంది.

లేచి తట్ట ఎత్తుకుంటూ ఆమె ఒక్కటే అడిగింది. "ఆ సేపల బాబుని మా ఊరికీ ఓపాలి అడగమనండి మేస్టారూ, ఎత్తెంతని. బేగి అడగమనండి."

ఫోన్ చేశాను. లక్ష్మీప్రసాద్‌కి ఇంకో పంపు కావాలన్నాను.

"లైవ్‌స్టాక్ ఏముంది సార్?"

"ఓ ముప్పై ఇళ్ళ జనం, మేకలు, కోళ్ళు. నెలలు నిండిన మనిషి ఒకామె."

"మేకలా సార్?" అన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ అడిగేశాడు. "ఎత్తెంత సార్?"

పైవూరిని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తెలియదు, ఎవరూ కొలవలేదని చెప్పాను. జరిగిందంతా చెప్పాను.

"కొలవకుండా మోటారు ఎలా బిగించారు సార్? చేపలైతే ఈపాటికి చచ్చిపోయి ఉండేవి" అన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, అంత పెద్ద పంపు తమ లైను కాదనీ, తాము చేపలవరకే చూస్తామనీ చెప్పాడు.

పైవూరివాళ్ళు చేసిన తప్పేమిటో నాకప్పుడు తెలిసింది. నా తొట్టెలో పంపు ఆగితే పొద్దుటికల్లా చేపలు వెల్లకిలా తేలతాయి. పంపు పనిచేయలేదని లోకానికి రుజువు దొరుకుతుంది. వీళ్ళు తేలలేదు. బిందెలెత్తుకున్నారు. ఆడవాళ్ళు మోస్తున్నంత కాలం ఆ మోటారు లెక్కలో పనిచేస్తూనే ఉంటుంది.

నా కొత్త పంపు వచ్చింది. చప్పుడు లేదు. నీళ్ళు నాలుగడుగులూ ఎక్కుతున్నాయి. నీలం చేప కులాసాగా ఉంది, దిగులు పగడం కూడా కోలుకుంది. తర్వాతి సంతనాడు ఈశ్వరమ్మ వచ్చి తొట్టె ముందు కూర్చుంది. నీళ్ళు ఎక్కడం చూసి "ఎక్కుతన్నాయి" అంది. అంతే, తట్ట ఎత్తుకుని వెళ్ళింది.

అందుచేత పెద్దలందరికీ నా విన్నపం. పైవూరిని వెంటనే అక్వేరియంగా ప్రకటించండి. చుట్టూ గాజు అక్కర్లేదు. పేరు చాలు. వాళ్ళ దిగులు ఫోటో చూసి కనిపెట్టేవాళ్ళు దొరుకుతారు. జడ్జిగారు తిరిగొస్తారు. ఎవరో ఒకరు టేపు పట్టుకుని కొండ ఎక్కుతారు.

గాయత్రి ఈ పొద్దు కూడా ఊటకి దిగింది. మా పెరట్లోంచి చూస్తే కనిపించింది. కాస్త బేగి ప్రకటించండి.