నీటికుక్కలకు మేలుకొలుపు

నిద్ర అనేది మన మోంటెరే ఖాతంలోని నీటికుక్కలకు పట్టిన పెద్ద దురలవాటు. దాన్ని మాన్పించడానికి ప్రతి శనాదివారాలూ ఇంతమంది పెద్దమనుషులు మెడల్లో కెమెరాలు తగిలించుకుని, వాంతులు కాకుండా మాత్రలు మింగి మరీ మాస్ లాండింగ్ రేవులో పడవలెక్కుతున్నారంటే, ఆ మూగజీవాలు ఏ జన్మలో ఎంత పుణ్యం చేసుకున్నాయో!

కాదంటారా? ఒక్కసారి వెళ్ళి చూడండి వాటి వరస. సముద్రం మీద వెల్లకిలా పడుకోవడం. కొట్టుకుపోకుండా ఒక నాచుతీగను నడుముకు చుట్టుకోవడం. ముందుకాళ్ళు కళ్ళమీద పెట్టుకుని పట్టపగలు గుర్రు పెట్టడం! లేచిందా, ఇక తిండి. రోజూ తన బరువులో నాలుగో వంతు తినకపోతే చలికి చచ్చిపోతుందట. ఒంట్లో కొవ్వు లేదట, బొచ్చొక్కటే దిక్కట. అందుకని తిన్నాక ఒళ్ళు కదలకుండా పడుకోవాలట. ఈ సాకు మీరు ఆఫీసులో చెప్పి చూడండి, ఏమంటారో!

పూర్వం ఇదే తీరానికి వచ్చినవాళ్ళు వీటి తోలు ఒలుచుకుపోయేవారు. ఇప్పటివాళ్ళు నిద్ర మాత్రం పట్టుకుపోయి తోలు వాటికే వదిలేస్తున్నారు. నాగరికత అంటే ఇంకేమిటండీ?

అలాంటి నాగరికుల్లో అగ్రగణ్యులు డాక్టర్ వెండెల్ ఆస్ట్రాండర్ గారు. సాలినాస్ ఊళ్ళో పిల్లల వంకర పళ్ళకు తీగలు బిగించే డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. బతుకంతా ఇతరుల చేత నోళ్ళు తెరిపించిన మనిషి రిటైరయ్యాక ఊరికే ఎలా కూర్చుంటారు? కళ్ళు తెరిపించే పనిలో పడ్డారు. ఫిరంగి గొట్టంలాంటి లెన్సు ఒకటి కొన్నారు. దాన్ని మోయడానికి భార్య మొరీన్ ఉండనే ఉంది.

ఆయనకో బాధ ఉండేది. ఎన్నిసార్లు పడవెక్కినా ఆయన ఫోటోల్లో నీటికుక్కలన్నీ నిద్రపోతూనే పడ్డాయి. ఊళ్ళోని ఫోటోగ్రాఫర్ల క్లబ్బుకు అధ్యక్షురాలు హెస్టర్ ట్వైనింగ్ అనే పెద్దావిడ. ఒకసారి ఆవిడ డాక్టరుగారి ఫోటోను కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, "బాగుంది వెండెల్. దుంగ బాగా తేలుతోంది. ఏ చెట్టుదంటావ్?" అంది. క్లబ్బంతా గొల్లుమంది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని మొరీనే చెప్పింది.

అంతటి అవమానం జరిగాక ఒక జంతువు నిద్రని లెక్కచేస్తామా?

ఏప్రిల్‌లో ఒక పొద్దున మొగుడూ పెళ్ళాం డొలోరెస్ సిల్వేరా నడిపే పడవెక్కారు. డొలోరెస్ పుట్టింది రేవులోనే, ఆవిడ నోరూ రేవులో తయారైందే. మంచు ఇంకా విడలేదు. నాచుతీగల మధ్య ఒక తల్లి వెల్లకిలా పడుకుని ఉంది. పొట్టమీద దూదిమూటలాంటి పిల్ల. రెండూ ఒళ్ళెరగని నిద్రలో ఉన్నాయి. డొలోరెస్ చాలా దూరంలోనే ఇంజను ఆపేసింది.

"ఇంకాస్త దగ్గరకు పోనీ కెప్టెన్," అన్నారు డాక్టరుగారు.

"పోనివ్వను. ఇదే హద్దు. అది తలెత్తి మనకేసి చూసిందంటే మనం మరీ మీద పడ్డట్టు లెక్క."

"నాక్కావలసింది అదేగా! చూడాలి!"

"అది నిద్రపోతోంది డాక్టరుగారూ."

"అదే కదమ్మా వచ్చిన చిక్కు!"

మొరీన్ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పోనీలే వెండెల్. పిల్లతల్లి. పడుకోనీ."

"దాని మంచికే! ఈ ఫోటో చూసి నలుగురికి దానిమీద ప్రేమ పుడుతుంది. ప్రేమ పుడితే కాపాడతారు. నీకు తెలీదు, ఊరుకో."

చూశారా, ఎంత దూరాలోచనో! కాపాడాలంటే ముందు ప్రేమ పుట్టాలి, ప్రేమ పుట్టాలంటే ఫోటో పడాలి, ఫోటో పడాలంటే దాన్ని లేపాలి. ఎక్కడైనా తప్పు ఉందా?

డాక్టరుగారు ముందు ఈల వేశారు. తల్లి కదల్లేదు. చప్పట్లు కొట్టారు. ఒక చెవి కదిలింది. డొలోరెస్ ముందువైపు నుంచి "ఏయ్!" అని అరిచేలోపే కాఫీ ఫ్లాస్కు తీసుకుని పడవ అంచు ఇనుప కమ్మీమీద గుడిగంట కొట్టినట్టు కొట్టారు.

తల్లి ఉలిక్కిపడి లేచింది. పిల్ల మెడ నోట కరుచుకుని ఒక్క మునక వేసింది. కానీ అంత పసిపిల్ల మునగలేదు, ఒళ్ళంతా గాలి నిండిన బొచ్చు. తల్లి నోట్లోంచి జారి, బెండులా తేలివచ్చింది. చుట్టూ నీళ్ళు తప్ప ఎవరూ లేరు. నోరంతా తెరిచి కీచుమని ఏడవడం మొదలుపెట్టింది. ఆ కేక మంచులోంచి గుచ్చుకున్నట్టు వచ్చింది. మొరీన్ చెవులు మూసుకుంది.

డాక్టరుగారు మాత్రం కళ్ళు మూసుకోలేదు. కెమెరా టకటకలాడింది.

"దించవయ్యా ఆ కెమెరా!" అంది డొలోరెస్. డాక్టరుగారూ లేదు, గీక్టరుగారూ లేదు. "మనం ఇక్కడుంటే తల్లి రాదు." పడవను మెల్లిగా వెనక్కి తీసింది.

మంచులో పిల్ల కనబడకుండా పోయింది. కేక మాత్రం ఇంకా కొంతసేపు వినబడింది.

"వస్తుందా తల్లి?" అని అడిగింది మొరీన్.

"వస్తుందనే అనుకోవాలి. ఆకలిమీదున్న బాలింత, ఎంత ఓపికుందో ఏమో. ఇందాకటిదాకా ఆ ఓపిక కోసమేగా పడుకుంది." తర్వాత డాక్టరుగారికేసి తిరిగింది. "మీరు ఇకమీదట నా పడవ ఎక్కొద్దు. మీ లెన్సు పెద్దది, నా పడవ చిన్నది."

ఒక గొప్ప సేవకుడికి ఈ లోకంలో దక్కే మర్యాద ఇదీ!

కళకి మాత్రం న్యాయం జరిగింది. ఆ ఫోటో క్లబ్బు వార్షిక ప్రదర్శనలో నిలువెత్తున వేలాడింది. కింద పేరు "కడలి నవ్వు". జనం చీజు ముక్కలు నములుతూ దాని ముందు ఆగి "అబ్బ!" అన్నారు. "ఎలా పకపకా నవ్వుతోందో చూడు! బంగారుకొండ!" అన్నారు. హెస్టర్ ట్వైనింగ్ చెయ్యి గుండెమీద పెట్టుకుని, "వెండెల్, ఇంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు," అంది.

ఆయన పక్కనే వైను గ్లాసు పట్టుకుని నిలబడ్డ మొరీన్ గ్లాసును బల్లమీద పెట్టింది.

"అది నవ్వు కాదు," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు, కానీ అందరికీ వినబడింది. "ఏడుస్తోంది. వాళ్ళమ్మను పిలుస్తోంది. మేం చప్పుడు చేసి ఆ తల్లిని తరిమేశాం. అది తిరిగొచ్చిందో లేదో కూడా చూడకుండా వచ్చేశాం."

డాక్టరుగారి మెడ ఎర్రబడింది. ఇక ఏమవుతుందంటారు? ఫోటో గోడ దిగుతుందా? ఆయన తలవంచుకుని బయటికి నడుస్తారా?

మీరు కళాకారులను బొత్తిగా ఎరగరు!

హెస్టర్ ట్వైనింగ్ కళ్ళు తుడుచుకుంది. "ఏడుపా! నిజంగా ఏడుపేనా? అయ్యో వెండెల్, ముందే చెప్పొద్దూ! ఏడుపైతే మరీ బాగుంది! పేరు మార్చాలి!"

మార్చారు. "అమ్మా, ఎక్కడున్నావు?" అని పెట్టారు. నవ్వుగా ఉన్నప్పుడు ప్రోత్సాహక బహుమతికి తగిన ఫోటో, ఏడుపు కాగానే వన్యప్రాణి రక్షణ విభాగంలో మొదటి బహుమతికి ఎక్కింది. డాక్టరుగారు వేదికమీద డగ్గుత్తికతో మాట్లాడారు. మనిషి స్వార్థం వల్ల ఈ అమాయకప్రాణులు ఎన్ని బాధలు పడుతున్నాయో వివరించారు. ఆ మనిషి ఎవరో మాత్రం చెప్పలేదు. గొప్పవాళ్ళు తమ పేరు తాము చెప్పుకోరు కదా! చప్పట్లు మోగాయి. పక్కవారం నుంచి మాస్ లాండింగ్‌లో పడవలకు జనం ఎగబడ్డారు. అందరికీ ఏడ్చే పిల్లే కావాలి.

డొలోరెస్ ఎక్కించుకోకపోతే ఏం? డాక్టరుగారు సొంతంగా రబ్బరు పడవ కొన్నారు. చప్పుడు చెయ్యని బ్యాటరీ మోటారు. దానికి "సంరక్షకుడు" అని పేరు రాయించారు. "నువ్వు రానక్కర్లేదు," అన్నారు భార్యతో, ఇంకా కోపం పోక.

"వస్తాను," అంది మొరీన్. "అది బతికుందో లేదో చూడాలి."

మే నెల. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నాచు మధ్య ఒక తల్లి, పొట్టమీద పిల్ల. ఆ తల్లీపిల్లలో, వేరేవో మొరీన్‌కు తెలియలేదు. ఏవైనా సరే, హాయిగా పడుకుని ఉన్నాయి. పిల్ల మూతి తల్లి మెడకింద దూర్చుకుని ఉంది.

డొలోరెస్ హద్దు దాటి, దానికి సగం దూరం దాకా వెళ్ళి మోటారు ఆపారు డాక్టరుగారు. ఫిరంగి ఎత్తారు. ఈల వెయ్యడానికి రెండు వేళ్ళు నోటిదాకా వెళ్ళాయి.

మొరీన్ తన చోటునుంచి లేచింది. పడవ ఊగింది. ఆయన కంగారుగా లెన్సును గుండెకు హత్తుకున్నారు. ఆవిడ మెల్లిగా వచ్చి సరిగ్గా ఆయనకూ నీటికుక్కకూ మధ్య, ఆయనకెదురుగా కూర్చుంది.

ఆయన అరవబోయి ఆగిపోయారు. అరిస్తే అది లేచి మునుగుతుంది. అడ్డంగా ఈవిడ, ఫోటో దక్కదు. అందుకని నీళ్ళమీద మొట్టమొదటిసారి డాక్టరుగారు గొంతు తగ్గించారు.

"జరుగు!"

"నన్ను తియ్యి," అంది మొరీన్.

"ఏమిటీ?"

"నన్ను తియ్యి వెండెల్. నేనెలాగూ మేలుకునే ఉన్నాను."

ఆయన ఎడమకు వంగారు. ఆవిడా అటే వంగింది. కుడికి వంగారు. పడవ ఒరిగింది, నీళ్ళు లెన్సుమీద చిందాయి. ఆయన బిగుసుకుపోయారు. అంత లెన్సుకు అంత దగ్గరలో ఉన్న భార్య మొహం ఎలాగూ ఆనదు. ఇద్దరూ అలా గుసగుసల్లో పోట్లాడుకుంటుండగానే ఆటుపోటు "సంరక్షకుడు"ను నెమ్మదిగా వెనక్కి, ఇంకా వెనక్కి, రేవు వైపు లాక్కుపోయింది.

ఏం చెప్పమంటారు పాఠక మహాశయులారా! ఆ రోజు అక్కడ ప్రేమ పుట్టలేదు. రక్షణ జరగలేదు. కళ వెలగలేదు. ఒక్క కన్ను తెరిపించేవాడు కూడా లేక, పాపం, ఆ తల్లీపిల్లా మధ్యాహ్నం దాకా అలా నిద్రపోతూనే ఉన్నాయి.