ప్రమాదాలు లేని డ్రైవరు దరఖాస్తు

సరుకు రవాణా సంస్థవారి లారీ డ్రైవర్ల ఎంపిక సంఘం గత సోమవారం ఉదయం పదిన్నరకు సమావేశమైంది. హాజరైనవారు వరుసగా: తిరిగే కుర్చీలో యజమానిగారు; చేతుల కుర్చీలో యజమానిగారి బావమరిది, ఈయన రాకపోకల మేనేజరు; ప్లాస్టిక్ కుర్చీలో భద్రతాధికారి; స్టూలు మీద, విశ్రాంత ఉద్యోగిని, గౌరవ సలహాదారును అయిన నేను. అభ్యర్థులు ఇద్దరు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నాయన బెంచీ మీద కూర్చున్నాడు. ఏడు నెలల అనుభవం ఉన్నవాడు నిలబడ్డాడు. అతడు కూర్చోరాదన్న నిబంధన ఏదీ లేదు. బెంచీ ఒక్కటే ఉంది. అనుభవం దానిమీద కాళ్ళు చాపుకుంది.

ఉన్నది ఒక్క ఖాళీ. పొద్దున సరుకు ఎక్కించుకుని, ఊళ్ళో దుకాణాలకు దింపి, సాయంత్రం ఆరింటికి లారీని షెడ్డులో పెట్టే ఉద్యోగం. కొత్త డ్రైవరు ఇంతవరకు పనిచేసిన సంస్థ అతణ్ణి దూరపు రూట్లలో తిప్పింది. నెలకు రెండు రోజులు ఇల్లు చూపించింది. ఏడు నెలలకే సంస్థ మారవలసిన అవసరం ఏమి వచ్చిందని యజమానిగారు ప్రశ్నించారు.

“మా ఆవిడకి తొమ్మిదో నెలండి. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. నొప్పులొచ్చిన రోజు నేను ఎక్కడో మూడు రోజుల దూరంలో ఉంటే ఎలాగండి? సాయంత్రానికి ఇల్లు చేరే డ్యూటీ అయితే చాలు.”

బావమరిదిగారు దీనిని వ్యక్తిగత కారణంగా నమోదు చేశారు. వ్యక్తిగత కారణాలు ఉన్నవాడు ఇంటిని తలుచుకుంటూ బండి నడుపుతాడనీ, అది సంస్థకు క్షేమం కాదనీ ఆయన అభిప్రాయం. ఆయన స్వయంగా అక్కగారి సిఫారసుతో మేనేజరు అయ్యారు. అది వ్యక్తిగత కారణం కాదు, కుటుంబ కారణం.

తర్వాత పత్రాల పరిశీలన. పాత ఉద్యోగం వదిలినట్లు రుజువు చూపనిదే మా సంస్థ దరఖాస్తు స్వీకరించదు. కొత్త డ్రైవరు శనివారమే రాజీనామా చేసి రుజువు తెచ్చాడు. ఆ సాయంత్రమే అతని లారీ తాళాలు వేరొకరి చేతికి వెళ్ళాయి. మా ఫారంలో ‘నిలకడ’ అనే శీర్షిక ఉన్నది. ప్రస్తుతం ఏ ఉద్యోగంలోనూ లేనివాడికి నిలకడ ఉండజాలదు గనుక దాని కింద అతనికి సున్నా వచ్చింది. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్న సామెతను జనం నవ్వుకోవడానికి వాడతారు. మా సంస్థ దానిని నియమావళిగా స్వీకరించి తగిన గౌరవం కల్పించింది.

అసలు పరీక్ష తొమ్మిదో గడి దగ్గర మొదలైంది. ‘గతంలో చేసిన ప్రమాదాలు, వాటివల్ల గడించిన అనుభవం. ఒక్కొక్కదానికి ఐదు మార్కులు. గరిష్ఠం ఇరవై ఐదు.’ ఈ వాక్యాన్ని కూర్చినవాడను నేనేనని వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను. అనుభవానికి కొలత ఉండాలని సంఘం కోరింది. సంవత్సరాలను ఎవరైనా అబద్ధంగా చెప్పవచ్చు. ప్రమాదానికి మాత్రం పోలీసు కాగితం ఉంటుంది.

పెద్ద డ్రైవరు ఏడు ప్రమాదాలను కాగితాలతో సహా సమర్పించాడు. గడి చాలక అదనపు కాగితం జతపరిచాడు. తోటి డ్రైవర్లు ఈయనను గోడల మామ అని పిలుస్తారు. ఏడింటిలో నాలుగు గోడలు, ఒకటి వంతెన రెయిలింగు, ఒకటి పెట్రోలు బంకు. ఏడోది ఆగి ఉన్న మరో లారీ, అది కూడా మా సంస్థదే. కనుక ఆయన మాకు కొత్తవాడు కాడని భద్రతాధికారి ఆప్యాయంగా గుర్తుచేశారు. గడించిన పాఠం చెప్పమని అడిగితే మామ గొంతు సవరించుకున్నాడు.

“నాలుగు గోడలు కూల్చినవాడికేనండీ ఐదో గోడ విలువ తెలిసేది.”

సంఘం ముగ్ధమైపోయింది. ఇరవై ఐదుకు ఇరవై ఐదు వేశాము. గరిష్ఠ పరిమితి పెట్టి ఒక ప్రతిభావంతుడికి అన్యాయం చేశామే అని నాకు మనసులో కొంత పశ్చాత్తాపం కలిగింది.

కొత్త డ్రైవరు అదే గడిలో ‘లేవు’ అని రాశాడు. భద్రతాధికారి ఆ మాటను రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మూడు భద్రతా పుస్తకాల కర్త. లారీ ఎక్కితే కళ్ళు తిరుగుతాయి గనుక ఎన్నడూ ఎక్కలేదు. అందువల్లనే ఆయన దృష్టి నిష్పాక్షికం.

“ఒక్కటి కూడా లేదా? అద్దం పగలడం, గీత పడడం, కనీసం కోడి?”

“లేదండి. జాగ్రత్తగా తోలానండి.”

“జాగ్రత్త వేరు, అనుభవం వేరు నాయనా,” అన్నారు అధికారి జాలిగా, సున్నా చుడుతూ.

గోడల మామ బెంచీ మీదినుంచి ఓదార్చాడు. “దిగులు పడకు అల్లుడూ. నీ వయసులో నాకూ ఏమీ లేవు. దేవుడు చల్లగా చూస్తే అన్నీ వస్తాయి.”

అయినప్పటికీ న్యాయం జరగాలి గనుక డ్రైవింగు పరీక్ష ఏర్పాటు చేశాము. సంఘం ఆవరణలోకి తరలింది. భద్రతాధికారి గది గోడ నీడన కుర్చీలను హోదా క్రమంలోనే వేయించాము. లారీని వెనక్కి నడిపి, మా ఎడమ పక్కనున్న సరుకు గట్టుకు ఆనించాలి. ముందు అవకాశం కొత్త డ్రైవరుకు ఇచ్చాము.

అతడు లారీ ఎక్కకుండా దాని చుట్టూ తిరిగాడు. టైర్లు తన్నాడు. కిందికి దూరి పడుకున్నాడు. ఇంజను వేయించి, చెవి ఆనించి విన్నాడు. పదకొండు నిమిషాలు గడిచాయి. బావమరిదిగారు వాటిని ‘కాలయాపన’ కింద లెక్కగట్టారు. చివరకు అతడు చేతులు తుడుచుకుంటూ లేచాడు.

“బ్రేకు పైపులో గాలి కారుతోందండి. తొక్కితే పట్టదు. బాగు చేయించేదాకా నేను తియ్యను.”

ఉద్యోగం అడగవచ్చినవాడు ఉద్యోగంలో చేరకముందే పని నిరాకరించడం మా సంస్థ చరిత్రలో ఇదే ప్రథమం. ఆదిలోనే హంసపాదు అంటే ఇదే. యజమానిగారు, ఆ లారీ నిన్నటిదాకా నడిచిందని సెలవిచ్చారు. భార్య నెలలు నిండిన మనిషని చెప్పుకున్నవాడు ఇంత పట్టుదలకు పోరాదని బావమరిదిగారు హితవు చెప్పారు. వ్యక్తిగత కారణాలను సంస్థ పట్టించుకున్న సందర్భం ఇదొక్కటే.

అతడు లారీ తాళాలు యజమానిగారి ముందుకు చాచాడు. “ఆవిడ మొహం చూడాలనే అడుగుతున్నానండి ఈ ఉద్యోగం. ఇది తోలితే చూస్తానని నమ్మకం లేదు.”

“ఇటివ్వు అల్లుడూ తాళాలు,” అని గోడల మామ లేచాడు. “గాలన్నాక కారుతుంది.”

మామ లారీ ఎక్కుతుండగా కొత్త డ్రైవరు మర్యాదకు పూర్తిగా భంగకరమైన పని ఒకటి చేశాడు. యజమానిగారిని అక్కణ్ణుంచి లేవమన్నాడు. వారు లేవలేదు. అతడు తిరిగే కుర్చీ వీపు పట్టుకుని, యజమానిగారు అందులో ఉండగానే, ఇరవై అడుగుల దూరం దొర్లించుకుపోయాడు. యజమానిగారు ఒకచోట, మేము వేరొకచోట కూర్చోవడం క్రమవిరుద్ధం గనుక, బావమరిదిగారు చేతుల కుర్చీతోను, అధికారి ప్లాస్టిక్ కుర్చీతోను, నేను స్టూలుతోను, ఆ వరుస చెడకుండా వెంట నడిచాము.

నేను స్టూలు దించుతున్నాను. లారీ వెనక్కి వచ్చింది, గట్టును తప్పింది, మేము కూర్చున్న చోటును దాటింది, గోడను కూల్చి భద్రతాధికారి గదిలో ఆగింది. ఆయన మూడు పుస్తకాలూ చక్రాల కింద కనిపించాయి. దుమ్ము తగ్గాక మామ తలుపు తెరుచుకుని, తలమీద సున్నంతో, చెక్కుచెదరకుండా దిగాడు. హోదాల వరుసను గౌరవించేవారిని ఆ గౌరవమే కాపాడుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సంఘం తూకపు యంత్రం పక్కన తిరిగి సమావేశమైంది. మామకు ఎనిమిదో అనుభవం, అది కూడా సంఘ సభ్యుల సమక్షంలో, లభించినట్లు నమోదు చేశాము. బ్రేకు చెడిపోయిందని కనిపెట్టిన ఘనత కూడా ఆయనకే దక్కింది. మొదటివాడు చెప్పాడంతే, ఈయన నిరూపించాడు.

కొత్త డ్రైవరు చేతులు కట్టుకుని, తాను కళ్ళారా చూసిన ఈ ప్రమాదం తన ఫారంలో రాసుకోవచ్చునా అని అడిగాడు. నేను సగం మార్కు ప్రతిపాదించాను. ప్రమాదం చేసినవాడి సొత్తని, చూసినవాడికి అందులో వాటా లేదని భద్రతాధికారి అడ్డుచెప్పారు. ఆ వేళ గది పోగొట్టుకున్న మనిషి మాటకు ఎదురు చెప్పడం భావ్యం కాదని నా ప్రతిపాదన ఉపసంహరించుకున్నాను.

గోడల మామ ఏకగ్రీవంగా ఎంపికయ్యాడు. సభ ముగిసింది. యజమానిగారు కారు తాళాలను రెండుసార్లు కింద పడేసుకున్నారు. కారు నడిపే స్థితి లేదు. కొత్త ఉద్యోగి అయిన మామ విశ్వాసంతో ముందుకు వచ్చి, కారు తాళాలు ఇప్పిస్తే అందరినీ ఇళ్ళ దగ్గర దింపుతానన్నాడు.

యజమానిగారు బావమరిదిగారిని చూశారు. బావమరిదిగారు అధికారిని చూశారు. అధికారి నన్ను చూశారు. చర్చ జరగలేదు, ఓటింగు జరగలేదు. నలుగురమూ ఒకేసారి కొత్త డ్రైవరు వైపు తిరిగాము.

అతడు తొందరలో ఉన్నాడు. ఇంటి దగ్గర భార్య ఒంటరిగా ఉంది. అయినా కాదనలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూశాడు. ఈసారి ఎవరమూ దానిని కాలయాపన అనలేదు. స్కూలు ముందు నెమ్మదించాడు, మలుపు దగ్గర ఆగాడు. యజమానిగారు వెనక సీటులో నిద్రపోయారు కూడా. ఒక్కొక్కరినీ గుమ్మం దాకా దింపాడు. భద్రతాధికారి దిగుతుండగా అడిగాడు: “సార్, ఇవాళ కూడా ఏమీ కాలేదు. మళ్ళీ సున్నాయేనాండీ?”

నియమం నియమమేనని అధికారి విచారం వెలిబుచ్చారు.

మరునాడు సంఘం రెండు తీర్మానాలు ఆమోదించింది. మొదటిది: గోడల మామ నడపబోయే దారిలో సంఘ సభ్యుల ఇళ్ళు గానీ, వారి మనవల స్కూళ్ళు గానీ లేవని విచారించి నిర్ధారించుకున్న మీదట ఆయన నియామకం ఖరారు చేయడమైనది. ఆ దారిలో నివసించే పాఠకులను విచారించే అధికారం సంఘానికి లేదు.

రెండవది: నిన్న సోమవారం నాడు ఎంపిక సంఘ సభ్యులు నలుగురినీ ఏ విధమైన సంఘటనా లేకుండా వారివారి ఇళ్ళకు చేర్చినందుకు, తగినంత అనుభవం లేని కారణంగా తిరస్కరింపబడిన డ్రైవరుకు సంఘం తన హృదయపూర్వక కృతజ్ఞతలను ఇందుమూలంగా నమోదు చేస్తున్నది.