అమీర్‌పేటలో సెటిలైనవాడు

అమీర్‌పేట వాస్తవ్యుడు, సిరిసిల్ల నుంచి వచ్చిన టైలర్ సిద్ధిరాములు కుమారుడు చిరంజీవి ఓంప్రకాష్ జీవితంలో సెటిలయ్యాడని ఇందుమూలంగా బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు, ముఖ్యంగా గిట్టనివారికి తెలియజేయడమైనది. ఈ శుభవార్త పంజాగుట్టకు సాయంత్రం తెలిసింది, లక్డీకాపూల్‌కు రాత్రి తెలిసింది. అందరికన్నా ఆఖరున తెలిసింది ఓంప్రకాష్‌కే.

సెటిలవడం అంటే ఏమిటో తెలియని తెలుగువాడు లేడు, విడమరచి చెప్పగలిగిన తెలుగువాడూ లేడు. బురద నీళ్ళను కుండలో పోసి ఒక మూలన పెడితే మట్టి అడుక్కి చేరుతుంది, దాన్ని సెటిలవడం అంటారని పూర్వం బడిలో సైన్సు పంతులు చెప్పేవాడు. మనిషి సంగతీ అంతే కాబోలు. కదలకూడదు, మెదలకూడదు, కుండను ఎవరూ కుదపకూడదు. మన ముత్తాతలు పుట్టారు, పెరిగారు, పిల్లల్ని కన్నారు, పోయారు. మధ్యలో సెటిలవాల్సిన పని ఒకటుందని తెలియక పాపం హాయిగా బతికేశారు.

ఓంప్రకాష్ ప్రయత్నలోపం ఏమీ లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఎన్ని విద్యలు నేర్పుతారో అన్నీ నేర్చాడు. కాకపోతే అతని చేతిలో ఏదో మహత్తు ఉంది. అతను ఏ కంప్యూటర్ భాషకు ఓనమాలు దిద్దితే ఆ భాషకు ఆ ఏడాదే కాలం చెల్లేది. కోర్సు ముగించి అతను మెట్లు దిగుతుంటే, ఆ కోర్సు బోర్డు విప్పడానికి పనివాళ్ళు నిచ్చెన మోసుకుని ఎదురొచ్చేవారు. ఈ సంగతి సముద్రాలు దాటి పెద్ద కంపెనీల చెవిన పడిందట. ఓంప్రకాష్ ఇవాళ ఏ క్లాసులో కూర్చున్నాడో కనుక్కుని, రేపు ఏ దుకాణం కట్టేయాలో తేల్చుకోవడానికి వాళ్ళొక మనిషిని మైత్రీవనం ఎదుట మిర్చి బజ్జీల బండి దగ్గర కాపలా పెట్టారట. అబద్ధమంటారా? మరి ఆ మనిషి ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి బజ్జీలు ఎందుకు తింటున్నట్టు?

ఈ పేటలో ఒక చక్కని ఏర్పాటుంది. ఉద్యోగం వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు. రానివాళ్ళు ఇక్కడే ఉండి ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో పాఠం చెబుతారు. ఆ ఏర్పాటు ప్రకారం ఓంప్రకాష్, దయారత్నం అనే ఆయన నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో, ల్యాబ్‌లో కంప్యూటర్లు ఆన్ చేసే హోదాలో కుదిరాడు. జీతం చిన్నదే గాని పని అతనికి నచ్చింది. పిల్లలకు అర్థమయ్యేదాకా ఓపికగా చెప్పేవాడు. ఇది విజయం కిందికి రాదని వేరే చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు హైందవితో వచ్చింది. ఒకప్పుడు అతని పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని నేర్చుకున్న పిల్ల. ఆమెకు మహత్తు లేదు కనుక బేగంపేటలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరికీ మనసు కలిసింది. ఆమె తండ్రి హనుమత్ప్రసాద్ లక్డీకాపూల్‌లో ఒక కార్యాలయంలో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరై, పంజాగుట్టలో ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాడు.

"మా బాపు ఒక్కటే మాట అడుగుతడు ఓం," అంది హైందవి. "పిల్లగాడు సెటిలైండా? అయిండంటే పెండ్లి. కాలేదంటే అత్తమ్మ తెచ్చిన సంబంధం."

"మరి నువ్వేమన్నవ్?"

"నేనేమంట? అయితుండు అన్న."

"అయితుండు అంటే?"

"ఆయన సుత గదే అడిగిండు."

కార్యాలయంలో పండిన మనిషి కన్నకూతురి మాటనైనా విచారణ లేకుండా నమ్మడు. పిల్లనిచ్చే ముందు పిల్లవాడి గల్లీలో చాయ్ తాగి, ఏమీ ఎరగనట్టు నాలుగు ముక్కలు రాబట్టడం మనవారి ఆచారం. హనుమత్ప్రసాద్ కూడా శాస్త్రోక్తంగా సిద్ధిరాములు కుట్టు దుకాణానికి ఎదురుగా ఉన్న గిడియన్ చాయ్ బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అంతకు ముందు రోజే పక్క హాస్టల్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక ప్లాస్టిక్ బకెట్ కోసం జుట్టూ జుట్టూ పట్టుకుంటే, ఓంప్రకాష్ వెళ్ళి పొద్దున నీకు, సాయంత్రం నీకు అని పంచి వచ్చాడు. జరిగింది ఇంతే. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇకముందు ఇంకెవరూ గుర్తుంచుకోరు.

"గీ గల్లీల ఓంప్రకాష్ అని ఉన్నడట. ఏం చేస్తుండు భాయ్?" అన్నాడు హనుమత్ప్రసాద్.

గిడియన్ గిన్నెలో పాలు పొంగుతున్నాయి. పొంగే పాల మీద కన్ను పెట్టినవాడు ఏదైనా విడమరచి చెప్పలేడు.

"మనోడే సార్. నిన్న హాస్టల్ల గింత లొల్లి. కత్తులు తీసుడొక్కటే తక్కువ. ఎవ్వలు చెప్పినా ఇనలే. ఓమన్న పోయిండు, సెటిల్మెంట్ చేసిండు, ఖతం."

"సెటిల్మెంటా?"

"మస్తు చేస్తడు సార్. ఏ పంచాయితొచ్చినా గాయన్నే పిలుస్తం."

"ఏం తీసుకుంటడు?"

"ఏం తీసుకోడు. చాయ్ తాగి పోతడు."

హనుమత్ప్రసాద్ గ్లాసు బండి మీద పెట్టేశాడు. హైదరాబాద్‌లో ఉన్నవారికి చెప్పాల్సిన పని లేదు గాని, సెటిలవడం వేరు, సెటిల్మెంట్ వేరు. మొదటిదానికి చదువు, ఉద్యోగం, ఇల్లు, కారు, ఇంకా తనివి తీరనివి అన్నీ కావాలి. రెండోదానికి గొంతులో కాస్త గరగర ఉంటే చాలు. ఒక జాగా కోసం ఇద్దరు కొట్టుకుంటే అది తగువు. మూడోవాడు వచ్చి తీర్చి, ఆ జాగాలో తాను కుర్చీ వేసుకుంటే అది సెటిల్మెంట్. అందులోనూ పుచ్చుకునేవాడు చిన్నవాడు. ఏమీ పుచ్చుకోకుండా ఒట్టి చాయ్ తాగి పోయేవాడు ఎంత పైవాడై ఉండాలి! "అయితుండు" అని ఊరుకున్న కూతురి అణకువకు తండ్రి కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం మాట మెట్రో ఎక్కింది. అమీర్‌పేటలో బకెట్‌గా ఎక్కి, పంజాగుట్టలో హాస్టలై, ఖైరతాబాద్ దాటుతుండగా నాలుగంతస్తుల భవనమై, లక్డీకాపూల్‌లో రైలు తలుపు పట్టక ఇద్దరు సాయం పట్టి దింపాల్సి వచ్చింది.

మర్నాడు పళ్ళ బుట్టతో హనుమత్ప్రసాద్ సిద్ధిరాములు ఇంటికి వచ్చి సంబంధం ఖాయం చేశాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, తన కారు జాగాలో పక్క ఫ్లాటు విక్రమ్ బండి పెడుతున్నాడని చెప్పుకున్నాడు. "నువ్వొక్క మాటంటే అయిపోతది అల్లుడూ."

ఓంప్రకాష్ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. తల్లి కమలవ్వ అతని తొడ గట్టిగా గిచ్చింది. "అంటడు అన్నా, ఎందుకనడు? మావోడు మాట్లాడుడే తక్కువ," అంది.

పంజాగుట్ట వెళ్ళి విక్రమ్ తలుపు తట్టాడు ఓంప్రకాష్. తలుపు తెరుచుకునేసరికి అతని నాలుక పిడచకట్టుకుపోయింది. మాట రాలేదు. విక్రమ్ వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి, "జర నీళ్ళిస్తరా?" అన్నాడు. గొంతు ఎండిపోయి ఆ మాట గరగరమంటూ వచ్చింది. అతనెవరో అపార్ట్‌మెంటంతా అప్పటికే విని ఉంది. విక్రమ్ నీళ్ళు తెచ్చిచ్చి, అవి పూర్తయ్యేలోగా కారు తీసేసి, "ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అని చేతులు కట్టుకున్నాడు.

ఇక ఆగేదేముంది? జనం రావడం మొదలైంది. గోడ తగువులు, గేటు తగువులు, అన్నదమ్ముల వాటాలు. ఓంప్రకాష్ భయపడి ఎంత నోరు మూసుకుంటే అంత త్వరగా తగువు తెగేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఈ ఊరికి మూసిన నోరే నచ్చింది. ఇన్నేళ్ళూ కొడుకు ఇంటర్వ్యూలకు నీలం చొక్కాలు కుట్టిన సిద్ధిరాములు ఒకనాడు తెల్లగుడ్డ తాను విప్పాడు.

"తెల్లంగీ నాకెందుకు నాన్నా?" అన్నాడు కొడుకు.

"నీలం అంగీ ఏసుకపోతే ప్రతోడూ నీకేమొచ్చు అని అడిగె. తెల్లంగీ ఏసుకపో. ఎవడడుగుతడో నేను సుత చూస్త."

ఎవడూ అడగలేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఓంప్రకాష్ ఫ్లెక్సీ వెలిసింది. ఎవరు పెట్టారో, ఏ సందర్భంగా పెట్టారో అందులో లేదు. నమస్కారం పెడుతున్న మనిషి, అతని చుట్టూ పాసుపోర్టు ఫొటోల్లో నవ్వుతున్న ఇరవై మంది. ఆ ఇరవై మందిలో ఒక్కరినీ అతను ఎరగడు.

అప్పుడు దయారత్నానికి కనువిప్పు కలిగింది. పొద్దుటిదాకా "ఏమోయ్, ఆ మూడో కంప్యూటర్ చూడు" అన్న మనిషి, మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏంటి ఓంప్రకాష్ గారూ, మా మీద మీకింత నిర్లక్ష్యమా? మన పిల్లలకి విజయ రహస్యం మీరు కాకపోతే ఎవరు చెప్తారండీ? ఆదివారం సభ పెట్టేశాను. ముఖ్య అతిథి మీరే."

"సార్, ఆదివారం నాకు ల్యాబ్ డ్యూటీ ఉంది."

"అదే, అదే! ఆ నిరాడంబరత్వమే చెప్పండి."

సభకు ముందు రోజు హైందవి అతన్ని నిలదీసింది. "గీ అబద్ధం మీద నేను కాపురం చెయ్య ఓం. రేపెవడో కత్తి పట్టుకొని వస్తే వాన్ని సుత నీళ్ళే అడుగుతవా?"

"నిజం చెప్తే మీ బాపు నిన్నియ్యడు."

"ఇయ్యడానికి నేనేమన్న చీరెనా? రేపు సభల మా బాపు ముంగట చెప్పు. తర్వాత సంగతి నేను చూస్త."

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరుసలో హనుమత్ప్రసాద్ కాబోయే మామగారి ఠీవితో కూర్చున్నాడు. దయారత్నం మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! విజయం మెట్లు ఎక్కితే వస్తుందంటారు. అబద్ధం! మన ఓంప్రకాష్ గారు మా ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎన్నేళ్ళు ఎక్కారు, ఎన్నేళ్ళు దిగారు! మేం గుర్తించామా? లేదు! అలా గుర్తించకుండా వారిలో పట్టుదల పెంచిన ఘనత అక్షరాలా మా సంస్థదే!" చప్పట్లు మారుమోగాయి. శాలువా కప్పారు.

ఓంప్రకాష్ లేచాడు. వెనక నిలబడ్డ హైందవిని ఒక్కసారి చూశాడు.

"నేను సెటిల్మెంట్లు చెయ్య. నేను ఒక్క బకెట్ పంచాయితీ తెంపిన, గంతే. మిగిలినయన్ని నేను భయపడి నిలబడ్డ, ఎదుటోళ్ళు సుత భయపడ్డరు. నేను గీ బిల్డింగుల కింద ల్యాబ్‌ల పనిచేస్త. రేపు పొద్దున ఎనిమిదింటికి సుత ఆడ్నే ఉంట. నాకు గా పని ఇష్టం. నేను సెటిల్ కాలే."

 హాలు కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. "ఎంత ఎదిగినా ఒదిగి ఉన్నడు చూడు," అని ఒకరు కన్నీళ్ళు తుడుచుకున్నారు. "భయమే మన ఆయుధం" అని పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు. ఓంప్రకాష్ మళ్ళీ మైకు పట్టుకుని "నిజం చెప్తున్న" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. అతను ఎన్నిసార్లు నిజం చెబితే అన్నిసార్లు చప్పట్లు కొట్టడానికి సభ సిద్ధంగా ఉంది.

హాలు మొత్తంలో ఆ మాటలు నమ్మిన మనిషి ఒక్క హనుమత్ప్రసాద్. నలభై ఏళ్ళు అర్జీలు చదివినవాడికి ఏడుపులో అసలూ నకిలీ తెలియవా? సభ అయ్యాక మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"బకెట్టా?"

"బకెట్టే మామా."

"నేలా, బిల్డింగా, ఏం లేదా?"

"ప్లాస్టిక్‌ది. నీలం రంగు."

హనుమత్ప్రసాద్ కూతురి వైపు తిరిగాడు. "ఇన్నవా? జీతమిచ్చేటోన్ని చూస్తే లేచి నిలబడేటోడు. గీనికి నిన్నెట్లిస్త?"

"నాకు నౌకరీ ఉన్నది బాపూ. నేను సెటిలైన గదా. ఇంట్ల ఒకరైతే సాలదా?"

"ఆడిపిల్లకు నౌకరీ ఉంటే అది ఒట్టి నౌకరీనే. సెటిలయ్యేది పెండ్లయినంకనే," అని తీర్పు చెప్పి, సంబంధం రద్దు చేసి, ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

తర్వాత సంగతి తాను చూస్తానన్న హైందవి మాట తప్పలేదు. మరుసటి నెలలో రిజిస్ట్రార్ కార్యాలయంలో సిద్ధిరాములు, కమలవ్వ సాక్షి సంతకాలు పెట్టగా ఇద్దరికీ పెళ్ళయింది. ఓంప్రకాష్ నీలం చొక్కా వేసుకున్నాడు. ఆ పూట సెలవు అడిగితే, అతను రోజూ ఎనిమిదింటికి ల్యాబ్‌కు రావడం చూసి మళ్ళీ పాత యజమాని అయిపోయిన దయారత్నం సగం రోజు జీతం కోసి ఇచ్చాడు. మధ్యాహ్నం భార్య బేగంపేటకూ, భర్త ల్యాబ్‌కూ వెళ్ళారు.

పంజాగుట్ట ఫ్లాటులో హనుమత్ప్రసాద్ తలుపులు బిగించుకుని కూర్చున్నాడు. పరామర్శకు బంధువులు దిగారు. మన బంధువులు పెళ్ళికి ఆలస్యంగా రావచ్చు గాని పరువు పోయిన ఇంటికి వేళ మించనివ్వరు. అందరికన్నా ముందు, కాదన్న సంబంధం తెచ్చిన చెల్లెలు సోఫాలో సర్దుకుని కూర్చుంది.

"ఏందన్నా, పిల్ల చెప్పకుంట పోయిందట గదా? పిల్లగాడు ఏం చేస్తడో ఏమో," అంది, ఎంతో బాధగా.

హనుమత్ప్రసాద్ తలెత్తి చూశాడు. ఇరవై జతల కళ్ళు. కంప్యూటర్లు ఆన్ చేసే కుర్రాడనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగాడు. దగ్గాడు. నడుం నిటారు చేశాడు.

"పోవుడేంది చెల్లే? తీస్కపోయిండు. బిల్డింగులకు బిల్డింగులే సెటిల్ చేసేటోడు. నేను ఇయ్య అన్న. మెట్ల మీదనే నా కండ్లల్ల కండ్లు పెట్టి చూసిండు. లక్డీకాపూల్ల ఎంతెంత పెద్దోళ్ళ ఫైళ్ళు ఆపినోన్ని నేను! నాకు నోట్లెకెళ్ళి మాటెల్లలే. నా బిడ్డ ముచ్చట్ల నన్నే సెటిల్ చేసిండు."

 తప్పు చేశానేమోనని ఆయన బంధువుల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. కూతుర్ని బలవంతంగా ఎత్తుకుపోయాడని విన్నాక ఎవరైనా శాపనార్థాలు పెడతారు, లేదా పోలీసుల దగ్గరికి పద అంటారు, కనీసం అయ్యో అంటారు.

చెల్లెలు సోఫా అంచుకు జరిగి, అన్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అన్నా," అంది మెల్లగా, "పిల్లగానికి తమ్ముడున్నడా?"