మిషను మీద పాత చీర

గట్టయ్య ఆ ఉదయం తెల్లచొక్కా వేసుకున్నాడు. గోదావరిఖనిలో తెల్లచొక్కా మధ్యాహ్నం దాకానే తెల్లచొక్కా అన్న సంగతి అతనికి తెలియనిది కాదు. కానీ హైదరాబాదు నుంచి ఆడిటరు వస్తున్నాడు కాబట్టి తెగించాడు.

పర్యావరణ కార్యాలయంలో అతనిది కాంట్రాక్టు కొలువు. గాలిలో దుమ్ము ఎంతుందో కొలిచే మిషనును కనిపెట్టుకుని ఉండటం పని. ఆ మిషను బొగ్గు లారీలు తిరిగే దారి పక్కన, లస్మవ్వ డాబా మీద ఉంది. పొద్దున అందులో తెల్ల కాగితం పెడితే, మిషను రోజంతా గాలిని పీల్చి ఆ కాగితం గుండా వదులుతుంది. సాయంత్రానికి కాగితం ఎంత బరువెక్కితే గాలిలో దుమ్ము అంత ఉన్నట్టు లెక్క. ఆ దారిలో దుమ్ము లేవకుండా కార్యాలయం వాళ్లు ట్యాంకర్లతో నీళ్లు చల్లిస్తున్నారు. ఆ ఖర్చు సార్థకమా, నీళ్లపాలా అన్నది తేల్చడానికే ఆడిటరు వస్తున్నాడు.

"ఒక్క అభ్యంతరం రాకుంటే నీ పర్మినెంటు ఫైలు పైకి పంపుత గట్టయ్యా," అంది ఆఫీసరు అనసూర్య. "వచ్చిందనుకో, ఫైలూ ఉండది, నువ్వూ ఉండవు."

ఆవిడ మంచి మనిషే, నోరే కొంచెం పదును. గట్టయ్య ఆ ఫైలు మీద పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. పండక్కి పిలిచినప్పుడల్లా అతని మామ అందరి ముందూ "అల్లుడా, గవర్నమెంటయినవా?" అని అడిగి, జవాబు వినకుండానే రెండో అల్లుడికి ముక్కలు వడ్డించేవాడు.

పథకం సులువైనదే. కాగితం ఆడిటరు చేతనే పెట్టించాలి. ట్యాంకర్లు చూపించాలి. మంచి భోజనం పెట్టించాలి. సాయంత్రం కాస్త బూడిదరంగు తిరిగిన కాగితం చేతికివ్వాలి. ఆ దారిలో నీళ్లు చల్లిన రోజు కాగితం ఎప్పుడూ ఆ రంగులోనే ఉంటుంది కాబట్టి భయం లేదు.

ఆడిటరు పేరు పరాంకుశం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎదుటివాడు నమస్కారం పెట్టినా దానికి రసీదు అడిగేట్టు చూస్తాడు. ఆయన డాబా ఎక్కి, కాగితం తన చేత్తోనే పెట్టి, మూత మీద చీటీ అతికించి దాని మీద సంతకం చేశాడు.

"సాయంత్రం నేనే తీస్తాను. ఎవరూ ముట్టుకోకూడదు. పద, ట్యాంకర్లు చూపించు," అన్నాడు.

నిబంధన ప్రకారం మిషను తిరుగుతున్నంతసేపూ గట్టయ్య దాని పక్కనే ఉండాలి. కానీ పిలిచింది ఆడిటరు. మెట్లు దిగుతూ లస్మవ్వతో, "అవ్వా, మిషను పైలం. సారు పొద్దుమూకి మళ్లొస్తడు," అన్నాడు.

"నా సామానోలె చూసుకుంట. నువ్వు నిమ్మలంగ పో కొడుకా," అందావిడ.

గోదావరిఖనిలో సామాను చూసుకోవడమంటే కప్పడమే. అక్కడ టీవీ మీద గుడ్డ, కుండ మీద గుడ్డ, స్కూటరు మీద గుడ్డ, ఎండబెట్టిన మిరపకాయల మీద కూడా గుడ్డ. లస్మవ్వ మొగుడు బుచ్చన్న గనిలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైనవాడు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆయన మీదా ఒక గుడ్డ ఉంటుంది. అలాంటి ఇంట్లో, పెద్ద సార్లు సంతకం చేసి వెళ్లిన మిషను ఆరుబయట దుమ్ములో పడి ఉంటే ఆవిడ ప్రాణం ఎలా ఊరుకుంటుంది? పాత నేత చీర ఒకటి తీసి, దుమ్ము అంటకుండా నీళ్లలో తడిపి, మిషనుకు చుట్టూ చుట్టి ముడివేసింది. సంతకం మాత్రం ముట్టుకోలేదు.

సాయంత్రం అందరికంటే ముందు డాబా ఎక్కిన గట్టయ్యకు పచ్చచీర కట్టుకున్న మిషను కనిపించింది. వెనక మెట్ల మీద ఆడిటరు బూట్ల చప్పుడు. చీరను ఒక్క లాగు లాగి, చొక్కాలో కుక్కుకుని, పొట్ట మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీర నీళ్లు ప్యాంటులోకి కారుతున్నాయి.

పరాంకుశం కాగితం తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మల్లెపూవులా ఉంది. కార్యాలయంలో తూకం వేస్తే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా లేదు.

"ఇంత స్వచ్ఛమైన గాలి నేను ఊటీలో కూడా పీల్చలేదు," అన్నాడాయన. "ఇలాంటి ఊళ్లో నీళ్లు చల్లడమేమిటి? ఇది దుబారా. అభ్యంతరం రాసుకుంటున్నాను."

అనసూర్య ముఖం మాడిపోయింది. గట్టయ్య ఆగలేకపోయాడు. "లేదు సార్! మా గాలి మస్తు ఖరాబుంటది! నా పిల్లల మీద ఒట్టు సార్!"

పర్యావరణ ఉద్యోగి ఒకడు గాలి బాగా లేదని ఒట్టు పెట్టడం పరాంకుశం ఇంతవరకు చూడలేదు. అనుమానంగా పైనుంచి కిందికి చూశాడు. తడిసిన ప్యాంటు దగ్గర చూపు కాస్త ఆగింది. "సరే, రేపు మళ్లీ పరీక్ష పెడదాం. నువ్వు మాత్రం ఆ మిషను దరిదాపుల్లో ఉండకూడదు. పొద్దంతా నా కళ్లముందు కూర్చో."

గట్టయ్య నేరుగా లస్మవ్వ ఇంటికి పోయాడు. "ఎందుకు కప్పినవే అవ్వా?"

"కప్పకపోతే దుమ్ము పడదారా?"

"పడాలె! దుమ్ము పట్టెటందుకే అది ఉన్నది!"

లస్మవ్వ ముక్కున వేలేసుకుంది. "దుమ్ము కోసం గవర్నమెంటు మిషను కొన్నదా? నన్నడిగితే చాటెడు ఇద్దును గద కొడుకా!"

అంతా విన్నాక ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. తన చేతులతో తానే పిల్లల తండ్రి నౌకరి మీదికి తెచ్చానని నిజంగానే బాధపడింది. గట్టయ్య వెళ్లగానే వీధంతా తిరిగి చెప్పింది. ట్యాంకరు నడిపే బద్రుద్దీన్ గుండె మీద చేయి వేసుకుని, "గట్టన్న నౌకరి గురించి ఫికర్ జెయ్యకు అవ్వా. రేపు చూడు నా తమాషా," అన్నాడు.

మర్నాడు పరాంకుశం మళ్లీ తనే కాగితం పెట్టి, మూత మీద సంతకం చేసి వచ్చాడు. గట్టయ్య కార్యాలయంలో ఆయన ఎదురుగా బల్ల మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అక్కడ లస్మవ్వ డాబా మీద వీధిలోని బొగ్గు పొయ్యిలన్నీ చేరాయి. ఆడవాళ్లు పిట్టగోడల మీద బొంతలు వేసి కర్రలతో దులిపారు. బుచ్చన్న కునుకు మానుకుని విసనకర్రతో పొగను మిషను వైపు విసిరాడు. బద్రుద్దీన్ ట్యాంకరును ఖాళీ చేసి, ఎండిన దారిలో పైకీ కిందికీ పరుగెత్తించాడు. మేలు చేయాలని అందరూ ఒక్కటైతే ఎంత నష్టం జరుగుతుందో ఆ ఒక్క పూటలో తేలిపోయింది.

సాయంత్రం కాగితం అట్లపెనంలా వచ్చింది. మిషను మీద వేలితో పేరు రాయొచ్చు. లస్మవ్వా, బద్రుద్దీనూ మసి ముఖాలతో మెట్ల దగ్గర నిలబడి, ఇక నీకేం భయం లేదన్నట్టు గట్టయ్యను చూసి నవ్వారు.

కార్యాలయంలో తూకం వేశాక పరాంకుశం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇన్ని నీళ్లు పోసినా గాలి ఇలా ఉందంటే పథకం పూర్తిగా విఫలమైంది. ఇది రెండో అభ్యంతరం."

తెల్లగా ఉంటే దుబారా, నల్లగా ఉంటే వైఫల్యం. గట్టయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మామ ఇంటి ముక్కల గిన్నె తన విస్తరి దాటిపోతున్నట్టు కళ్లకు కట్టింది. ఎలాగూ పోయే కొలువే, అబద్ధంతో ఎందుకు పోవాలని లేచి నిలబడ్డాడు.

"సార్, రెండూ తప్పే. నిన్న అవ్వ మిషను మీద తడిచీర కప్పింది. ఇయ్యాల వాడకట్టోల్లు పొయ్యిలు ముట్టిచ్చిన్రు. వాళ్లది తప్పు లేదు సార్, మిషనిడిసి పోయింది నేను. నన్ను తీసేయున్రి, నీళ్లు మాత్రం బంద్ పెట్టకున్రి. ఆ నీళ్లు లేకుంటే మా వీధి పిల్లలు పొద్దంత దగ్గుతరు."

అనసూర్య తల పట్టుకుంది. పరాంకుశం చేయెత్తాడు.

"కూర్చో. నోటిమాట ఆడిట్‌లో చెల్లదు. రెండు రోజులూ మూత మీద నా సంతకం చెక్కుచెదరలేదు. నా సంతకం కింద తప్పు జరిగిందంటావా?"

గట్టయ్య కూర్చున్నాడు.

"ఫలితాలు ఒకదానికొకటి పొసగనప్పుడు సగటు తీసుకోవాలని నిబంధన," అంటూ ఆయన కాలిక్యులేటరు తీశాడు. నొక్కాడు. ముఖం చిట్లించి మళ్లీ నొక్కాడు. కార్యాలయం పెట్టుకున్న లక్ష్యం ఏ అంకె మీద ఉందో సగటు సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంది. చేతికి చిక్కిన చేప జారిపోయినవాడిలా నిట్టూర్చి, రెండు అభ్యంతరాలనూ కొట్టేసి, పథకం లక్ష్యాన్ని చేరుకుందనీ నీళ్లు చల్లడం కొనసాగించవచ్చనీ రాశాడు.

అయితే ఒక్క మాట కూడా అనకుండా ఊరు దాటిన ఆడిటరు ఎక్కడా లేడు. జీపెక్కే ముందు ఆయన చివరి సూచన ఒకటి చేర్చాడు: విలువైన యంత్రాన్ని ఆరుబయట దుమ్ములో వదిలేయడం బాధ్యతారాహిత్యం, వెంటనే దానికొక గుడ్డ తొడుగు కొనాలి, అది సదా కప్పి ఉంచబడాలి.

కొన్నాళ్లకు గట్టయ్య పర్మినెంటయ్యాడు. ఆ ఏడు పండక్కి మామ మొదటి ముక్క అతని విస్తట్లోనే వేశాడు. పర్మినెంటు ఉద్యోగిగా అతను సంతకం పెట్టి అందుకున్న మొదటి ప్రభుత్వ వస్తువు ఖాకీ తొడుగు. దాన్ని మిషనుకు తొడుగుతుంటే లస్మవ్వ పక్కన నిలబడి చూసింది.

"గిదే పని నేను ఫుకట్‌ల జేస్తే కండ్లెర్ర జేస్తివి," అంది.

గట్టయ్య ముడి బిగించాడు. నాటి నుంచీ ఆ వీధి గాలి, ప్రభుత్వ లెక్కల ప్రకారం, చాలా బాగుంది.