గాజుపెట్టెలో ఊపిరితిత్తి

ఊపిరితిత్తులు మనిషి ఒంట్లో ఉండకూడదండీ! ల్యాబులో ఉంటేనే వాటికి గౌరవం. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

నందిగామ దగ్గర మిర్చి చేలకు పురుగుమందు కొట్టే సుభాని కూతురు షమా హైదరాబాద్‌లో అలాంటి ల్యాబులోనే పనిచేస్తోంది. మనిషి కణాలతో గోరంత ఊపిరితిత్తి ముక్కను పెంచి, మందుల ప్రభావం దాని మీద చూస్తారట. ఆ ముక్క వైభోగం ఏం చెప్పమంటారు! దానికో గాజుపెట్టె, ఒంటివేడికి సరిపడా వెచ్చదనం, వేళకు ఆహారం. గదిలోకి దుమ్మురేణువు కూడా రాకూడదు!

సుభాని ఊపిరితిత్తులకు అంత రాజభోగం ఎక్కడిది? పాపం, అవి మనిషి ఒంట్లో పుట్టాయి! మూతికో తువ్వాలు, పనయ్యాక ఓ బెల్లంముక్క. బెల్లం తింటే లోపలికి పోయిన విషమంతా విరిగిపోతుందని ఊరందరి నమ్మకం. ఇంత చవకైన వైద్యం ఏ దేశంలో ఉందో చెప్పండి! పైగా కొత్త డబ్బా మూత తీస్తే ముందు వాసన చూసేది అతనే. దగ్గొస్తే మందు అసలుది, రాకపోతే డూప్లికేట్. రిపోర్టు కోసం ఎదురుచూసే పనే లేదు!

ఈ ఏడు ఆ దగ్గు తగ్గడం మానేసింది. చేనిగట్టు ఎక్కినా ఆయాసమే. సంగతి తెలిస్తే ఆసామి జగన్నాథరావు పనికి పిలవడేమోనని సుభాని భయం.

ఇంతలో షమా ఫోన్ చేసింది. "నాన్నా, మీరు కొట్టే మందు మావాళ్లు ఇక్కడ ఊపిరితిత్తి ముక్క మీద వేశారు. చుక్కకే చచ్చిపోయింది. వెంటనే పరీక్ష ఆపేశారు. నువ్వింక ఆ డబ్బా ముట్టుకోవద్దు."

సుభాని ధైర్యం కూడగట్టుకుని ఆ మాట ఆసామి చెవిన వేశాడు. జగన్నాథరావు ముఖం వెలిగిపోయింది.

"చుక్కకే చచ్చిందా? అయితే ఒరిజినలేరా సుభానీ! కంచికచర్ల కొట్లో ఇంకాసిని డబ్బాలు చెప్పేస్తా. రేప్పొద్దున్నే వచ్చెయ్."

"అట్టాగేనండీ," అని దగ్గుకుంటూ ఇంటికొచ్చాడు సుభాని.

చూశారా, సైన్సు రైతుకి ఎంత అండగా నిలిచిందో!

అతని భార్య మస్తాన్‌బీకే ఈ అభివృద్ధి మింగుడుపడలేదు. ఫోన్ తీసి కూతురిని అడిగింది.

"షమా, ఆ ముక్క చచ్చిపోయింది గాబట్టి మీవాళ్లు ఆపేశారు. మీ నాన్న ఇంకా బతికే ఉన్నాడు గదా, ఈయన్నెట్టా ఆపాలో మీ సారుని అడిగి చెప్పమ్మా."